కాలేయం చెప్పిన సాక్ష్యం

2068 నాటికి విశాఖపట్నంలో గురక వినిపించే పడకగది ఒక్కటీ మిగల్లేదు. ఇళ్ళ మీదుగా గగన బస్సులు తిరగడం మొదలయ్యాక ప్రతి మంచానికీ శబ్దతెర వచ్చింది. తల చుట్టూ చప్పుడు రానివ్వని తెర అది. భార్యాభర్తలు ఒకే మంచం మీద పడుకుంటున్నా ఒకరి ఊపిరి ఒకరికి వినబడి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆ వినే పని నిద్రసాక్షిది.

నిద్రసాక్షిని కనిపెట్టింది డాక్టర్ వకుళ. చూడ్డానికి చిన్న గుడ్డపట్టీ. ఒంటికి ఆనేలా ఎక్కడ కట్టుకున్నా నాడినీ, ఊపిరినీ, రక్తంలో ఆక్సిజన్‌నూ తెల్లవార్లూ నమోదు చేస్తుంది. స్లీప్ అప్నియా ఉన్నవాళ్ళకి నిద్రలో గొంతుదారి మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. గంటకు ముప్పైసార్లు ఆగితే ముప్పైసార్లు ఆక్సిజన్ పడిపోయి మళ్ళీ లేస్తుంది. ఏళ్ళ తరబడి ఆ కుదుపులకు కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, వాపు వస్తుంది, చివరికి మచ్చ కడుతుంది. మద్యం వాసనైనా తెలియని మనిషికి కూడా ఆ గతి పట్టవచ్చు. ఆ మచ్చను ముందే పసిగట్టేందుకు వకుళ ఒక సూత్రం రాసింది. రాష్ట్రమంతా ఆసుపత్రులు దాన్నే వాడుతున్నాయి.

ఆ సోమవారం ఆమె ముందు కూర్చున్న గంగునాయుడు అనకాపల్లి బెల్లం మిల్లులో మెకానిక్. పొట్ట ఉబ్బిపోయింది. కళ్ళు పచ్చబడ్డాయి.

“రెండేళ్ళ కిందట మీ పట్టీయే కట్టినారు గదమ్మా. ఊపిరి ఆగతాంది గానీ కాలేయానికి బయం నేదన్నారు,” అన్నాడతను. గొంతు తగ్గించి, “నాను తాగనమ్మా. ఇంట్లో ఎవులూ నమ్మట్నేదు,” అన్నాడు.

అతన్ని వార్డుకు పంపించి వకుళ పాత రికార్డు తెరిచింది. మొదటి సూత్రంతో లెక్కేస్తే రెండేళ్ళ కిందటే ప్రమాదమని తేలింది. సవరించిన సూత్రం అతన్ని వదిలేసింది. సవరించింది వకుళే.

మూడేళ్ళ కిందట గగన బస్సు పైలట్ల స్కాన్లలో ఒక వింత బయటపడింది. హాయిగా నిద్రపోతున్నట్టు పట్టీ చెబుతున్న కొందరి కాలేయాల్లో మచ్చలున్నాయి. దొంగచాటుగా తాగుతున్నారేమో అన్నారు తోటి డాక్టర్లు. మిగతావాళ్ళ సంగతి ఆమెకు తెలియదు. కానీ ఆ జాబితాలో ఆమె భర్త చక్రధర్ కూడా ఉన్నాడు. ఆ సాయంత్రమే అడిగింది. “నీమీద ఒట్టు, చుక్క ముట్టలేదు,” అన్నాడు. నమ్మింది. అతను అబద్ధమాడకపోతే తప్పు సూత్రంలోనే ఉండాలి. నిద్రకిచ్చిన విలువను సగానికి తగ్గించి తిరగరాసింది.

మొదటి సూత్రమే సరైనదైతే, తప్పు ఆ పైలట్ల నిద్ర రికార్డుల్లో ఉండాలి. వకుళ ప్రయోగశాలలోని గణన యంత్రం విశ్లేషిణిని పిలిచింది.

“చక్రధర్ రికార్డులో ఏమీ నమోదుకాని ఖాళీ రాత్రులున్నాయా?”

“ఉన్నాయి. మూడేళ్ళలో ఇరవై ఆరు.”

“తేదీలు చెప్పు.”

విశ్లేషిణి చదువుతూ పోయింది. పుణె సమావేశం. గువాహతి సదస్సు. అమ్మ ఆపరేషన్‌కి కాకినాడలో ఉండిపోయిన వారం. తను ఊళ్ళో లేని ప్రతి రాత్రీ చక్రధర్ పట్టీ ఖాళీ.

వకుళ కుర్చీ ముందుకి జరుపుకుంది. “దాని పక్కన నా రికార్డు పెట్టు.”

“పెట్టాను. రెండూ ఒకే శరీరానివి.”

“సరిగ్గా చూడు.”

“చూశాను. ఫిబ్రవరిలో మీకు దగ్గు వచ్చింది. మీరు దగ్గిన క్షణాలన్నీ ఆయన రికార్డులోనూ ఉన్నాయి. ఆ నిద్ర మీదే, డాక్టర్.”

ఆమె ఇంటికి వెళ్ళేసరికి చక్రధర్ డ్యూటీ దిగి అన్నం తింటున్నాడు. వకుళ ఎదురుగా కూర్చుంది.

“ఎప్పుడు కట్టేవాడివి?”

అతను ఏమిటని అడగలేదు. కంచం పక్కకి జరిపాడు.

“నువ్వు నిద్రపోయాక. నీ చీలమండ పైన. డ్యూటీకి లేచేటప్పుడు తీసేసేవాణ్ణి.”

“ఎందుకు?”

“ఊపిరి ఆగడం గంటకి పదిహేనుసార్లు దాటితే బస్సు ఇవ్వరు. చికిత్సకని ఏడాది నేలమీద కూర్చోబెడతారు. ఈ వయసులో దిగితే మళ్ళీ ఎక్కనిస్తారా? ఆ రూలు నీ పట్టీ చూసి పెట్టిందేగా!”

“నిద్రమత్తులో నలభైమందిని ఎక్కించుకుని తిరిగావా?”

చక్రధర్ నీళ్ళగ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టాడు.

“స్కాన్ వచ్చిన రోజైనా చెప్పొచ్చుగా?”

“తాగావా అనడిగావు. లేదన్నాను. అది నిజమే.” “నన్ను అనుమానిస్తావనుకున్నా వకుళా. నన్ను నమ్మి సూత్రాన్ని దిద్దుతావనుకోలేదు.”

“దిద్దానని తెలిశాక?”

అతను బల్లమీద పడ్డ మెతుకులు ఏరసాగాడు.

“నీకు తెలుసుగా. ఆ కాగితాలు ఈ బల్లమీదే పెట్టుకుని రాశాను. టీ కూడా నువ్వే తెచ్చిచ్చావు.”

“తెలుసు,” అన్నాడు చక్రధర్.

మర్నాడు వకుళ పాత సూత్రాన్ని తిరిగి అమల్లో పెట్టింది. సవరణ వల్ల ప్రమాదం లేదని వదిలేసినవాళ్ళు ఆరువందల పద్దెనిమిది మంది. వాళ్ళందరినీ వెంటనే పిలిపించమని ఆసుపత్రులకు ఉత్తరాలు రాసింది. గంగునాయుడి మంచం దగ్గరికెళ్ళి, అతని భార్య ముందే చెప్పింది: “ఈయన తాగలేదు. తప్పు నాది.” ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుంది గానీ వకుళ వైపు చూడలేదు.

తర్వాత పైలట్ల రికార్డులన్నీ వాళ్ళ ఇంటివాళ్ళ రికార్డులతో పోల్చమంది. నాలుగువందల పన్నెండు మందిలో ఎనభై మూడు మంది నిద్రలు వాళ్ళవి కావు. ఎక్కువభాగం భార్యలవి, కొన్ని తల్లులవి. ఒకటి మూడేళ్ళ పాపది.

“పట్టీ కట్టే నిమిషంలో ఆ ఇంటివాళ్ళు మేలుకుని ఉన్నారా?”

“డెబ్బై తొమ్మిది మంది మేలుకునే ఉన్నారు. ముగ్గురు నిద్రలో ఉన్నారు.”

ఆ డెబ్బై తొమ్మిది మందీ తమ నిద్రను తెలిసే ఇచ్చారు. చక్రధర్ అడిగి ఉంటే తను ఇచ్చేది కాదు. అందుకే అతను అడగలేదు.

“మొత్తం ఎనభై రెండే అయ్యాయి,” అంది వకుళ.

“మీది ఎందులో చేర్చాలో తేలలేదు, డాక్టర్. దాదాపు అన్ని రాత్రులూ నిద్రలోనే ఉన్నారు. పదకొండు రాత్రులు మాత్రం పట్టీ చుట్టే నిమిషంలో మీకు మెలకువ వచ్చింది. లేవలేదు. నాడి నెమ్మదించింది. మామూలు కంటే గాఢంగా నిద్రపోయారు.”

వకుళకు గుర్తొచ్చింది. పాదాల దగ్గర తడుముతున్న అతని వేళ్ళు. చలేస్తుందని దుప్పటి సర్దుతున్నాడనుకుంది.

“ఎందులో రాయమంటారు?” అడిగింది విశ్లేషిణి.

“తెలియనివాళ్ళలో,” అంది వకుళ. పైలట్లకు అనుమతులిచ్చే కమిటీకి జాబితా పంపించమంది, అందరి పేర్లతోనూ.