కురా చెట్టుకు కట్టిన మట్ట

సైలోసి ఇంటి ముందున్న కురా అనే మందు చెట్టు ఆకును అతని కూతురే దొంగతనంగా కోసింది. అందులో అనుమానం లేదు.

అది చనిపోయిన భార్య అకెనెటా నాటిన చెట్టు. నూరు రాత్రుల సంతాపం ముగిసేదాకా ఎవరూ ముట్టకూడదని సైలోసి దాని మొదలుకు కొబ్బరి మట్ట కట్టాడు. ఊరంతా తప్పుకుని నడిచింది. రాజధాని సువాలో ల్యాబులో పనిచేసే వసీతి మాత్రం, తండ్రి చర్చికి వెళ్ళిన వేళ చూసి సంచినిండా కోసుకుపోయింది. అప్పటినుంచి అతను ఆమె ఫోను ఎత్తలేదు. ఒక్కడే కసావా దుంప ఉడికించుకున్నాడు, ఒక్కడే తిన్నాడు.

ఈ ఉదయం ఆమె వచ్చింది. క్షమాపణ అడిగేటప్పుడు ఇచ్చే యంగోనా మొక్క వేళ్ళ కట్ట పట్టుకుని తలుపు దగ్గరే కూర్చుంది. తప్పు చేసినవాళ్ళు కూర్చునే చోటది.

“క్షమాపణకు ఒక్కదానివే వచ్చావా? నీ తరఫున మాట్లాడే మనిషేడి?”

“ముందు ఇది చూడు నాన్నా.” గోధుమరంగు నీళ్ళ సీసా తీసింది.

“టీ తెచ్చావా నాకు?”

“అమ్మ చెట్టు ఆకు కషాయం. ఇందులో వెండి ఉప్పు కలిపితే, ఆకు రసమే దాన్ని కంటికి ఆనని నానో రేణువులుగా మార్చింది. విషపు రసాయనాలేవీ వాడలేదు. దీంట్లో ముంచిన గుడ్డ మీద పుండు క్రిములు చచ్చాయి. మనుషులకి ఇంకా వాడలేదనుకో.”

“ఊళ్ళో వేరే కురా చెట్లన్నీ ఎండిపోయాయా?”

“లేదు. కానీ అమ్మ కాలిపుండుకు కట్టుకున్నది దీని ఆకే కదా. చివరిదాకా నమ్మింది. ఆ ఆకు ఎక్కడ చాలలేదో చూడాలనుకున్నా.”

“అడగొచ్చుగా?”

“అడిగితే ఇచ్చేవాడివా?”

“ఇచ్చేవాణ్ణి కాదు. అయినా అడగాలి.”

వసీతి తల దించుకుంది. “అడగాల్సింది. తప్పు నాదే. నీ దగ్గర నా తరఫున ఎప్పుడూ అమ్మే మాట్లాడేది. ఇంకెవర్ని తెచ్చుకోను నాన్నా?”

సైలోసి చాప అవతలి అంచు వైపు చూశాడు. అకెనెటా కూర్చునే చోటు ఖాళీగా ఉంది. కూతురితో అతని తరఫున మాట్లాడిందీ ఆమే. కళ్ళు తడిశాయి. తుడుచుకోలేదు.

చెయ్యి చాచి కట్టను తన వైపు లాక్కున్నాడు. అరచేతులు దొప్పలు చేసి చప్పట్లు కొట్టాడు. కట్ట పుచ్చుకున్నాక గొడవను పూడ్చిపెట్టినట్టే. పూడ్చినదాన్ని ఎవరూ తవ్వకూడదు.

“నాన్నా, చెట్టు మళ్ళీ చిగురు వేసి...”

“పూడ్చేశాం. ఆ చెట్టు మాట ఇక చచ్చేదాకా నా నోట రాదు. నువ్వూ ఎత్తకు. కసావా చల్లారిపోతోంది, లోపలికి రా.”