తొమ్మిది వందల మెట్లు, ఒక ఊతకర్ర

కొండలకూ సముద్రానికీ మధ్య దేవళపురం అనే రాజ్యం ఉండేది. దాని రాజు ధవళకేతుకు నడవడమంటే గిట్టదు. కోటలో ఒక గదినుంచి ఇంకో గదికి కూడా పల్లకీలోనే వెళ్ళేవాడు. రాజు ఏం చేస్తే అదే గొప్ప అనుకునే జనం కాబట్టి, ఊళ్ళో కాస్త కలిగిన ప్రతివాడూ ఒక పల్లకీ చేయించుకున్నాడు. చివరికి ఆ నగరంలో నడిచే కాళ్ళన్నీ బోయీలవే అయ్యాయి. బోయీలంటే పల్లకీ మోసేవాళ్ళు.

ఒక ఏడు రాజుకు నడుము నొప్పి పట్టుకుంది. అది కూర్చుని కూర్చుని వచ్చిన నొప్పి. ఆ మాట చెబితే తల పోతుందని వైద్యుడికి భయం. "తమరు అలసిపోయారు ప్రభూ, విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. విశ్రాంతి తీసుకున్నకొద్దీ నొప్పి పెరిగింది. అప్పుడు రాజు నల్లకొండ మీద ఉండే నిశ్చల అనే యక్షిణి దగ్గరికి వెళ్ళాడు. ఆ కొండకు తొమ్మిది వందల మెట్లు. వాటినీ పల్లకీలోనే ఎక్కాడు.

"నా నగరంలో ఎవరికీ ఒళ్ళునొప్పి అనేదే తెలియకూడదు" అని వరం కోరాడు.

యక్షిణి నవ్వింది. "అలాగే. కదలకుండా కూర్చున్న వాళ్ళకు ఇకమీద నొప్పి తెలియదు. ఈ వరం వద్దనిపిస్తే, ఎవరైనా సొంత కాళ్ళతో పైకొచ్చి ఈ గంట కొట్టాలి. దారిలో కూర్చున్నవాళ్ళు మాత్రం దారిలోనే ఉంటారు" అంది.

రాజు మొదటి సగమే విన్నాడు. పల్లకీ మోసిన బోయీలు మొత్తం విన్నారు. అయితే బోయీలను ఎవరూ ఏదీ అడగరు.

వరం పనిచేసింది. కూర్చున్నవాళ్ళకు నొప్పి పోయింది. హాయిగా ఉందని ఇంకాసేపు కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళకు కాలి గోళ్ళదగ్గర మొదలై, ఒళ్ళు రాయి కాసాగింది. అందులోనూ నొప్పి లేదు. అందుకే ఎవరూ లేవలేదు. తిరిగేవాళ్ళనూ, నిద్రలో దొర్లేవాళ్ళనూ ఆ రాయి అంటలేదు. చాకలి, నీళ్ళ కావడివాడు, దండోరా వేసేవాడు మిగిలారు. పల్లకీలకు పనిలేకపోయింది. ముప్పయ్యేళ్ళుగా భుజాలు కాయలు కాసిన బోయీలు ఊరందరికంటే ముందు కూర్చున్నారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు.

ఆ బోయీల పెద్ద అప్పన్న. అతనికి భార్య పోయి పదేళ్ళయింది. ఉన్నది ఒక్క కూతురు పైడమ్మ. పదిహేనేళ్ళ పిల్ల. మూడేళ్ళ కిందట ఏటిగట్టు మీదనుంచి పడి మోకాలు విరగ్గొట్టుకుంది. కాలు కదిపితే చస్తావని చెప్పి వైద్యుడు ఎనిమిది నెలలు మంచంమీద పడుకోబెట్టాడు. ఎముక అతుక్కుంది. కాలు మాత్రం కర్రలా బిగిసిపోయింది. అడుగు వేస్తే నొప్పి. నడవమని ఎవరైనా అంటే పైడమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి రోజూ తిట్టుకుంటూనే నూతికి పోయి నీళ్ళు తెచ్చేది. ఆ తిట్టుకునే నడకే ఆమెను కాపాడింది.

ఒకరోజు బిందె దించి చూస్తే, అరుగుమీద కూర్చున్న తండ్రి కాళ్ళు మోకాళ్ళదాకా నల్లరాయి అయిపోయి ఉన్నాయి.

"ఏటి నాన్నా ఇది! లెగు!" అని అరిచింది.

"లెగలేనే గుంటా. మూడు రోజులు కూకున్నాను. ముప్పయ్యేళ్ళకి నొప్పి లేకుండా ఉంటే ఎలాగుంటాదో చూద్దామనుకున్నాను" అన్నాడు అప్పన్న. అతని ముఖంలో సిగ్గు ఉంది.

మోకాళ్ళు దాటాక రాయి నెమ్మదించి, రోజుకు రెండు వేళ్ళ మేర పైకి పాకుతోంది. పైడమ్మ తన వేళ్ళతోనే కొలిచింది. ఇరవయ్యో రోజు పొద్దుగుంకే వేళకు గుండె అందుకుంటుంది.

అప్పటికి రాజు కూడా మోకాళ్ళదాకా రాయైపోయి, సింహాసనం మీదనుంచి లేవలేకపోయాడు. తొలిసారిగా బోయీలను అడిగి గంట సంగతి తెలుసుకుని, అది కొట్టినవాళ్ళకు సగం రాజ్యం ఇస్తానని దండోరా వేయించాడు. అరవైమంది భటులు కొండమీదికి పరుగు పెట్టారు. ఒక్కడూ దిగి రాలేదు.

"నేనెళ్తాను" అంది పైడమ్మ.

దండోరావాడు పకపకా నవ్వాడు. "అరవైమంది మగాళ్ళ వల్ల కానిది ఈ కుంటిదాని వల్లవుద్దంట! నూతికెళ్ళి రాడానికే నాలుగు శాపనార్థాలు పెడతాదిది!"

అప్పన్న నవ్వలేదు. "పరుగెట్టినోళ్ళందరూ అలిసిపోయి కూకునుంటారు. బోయీ దారిలో కూకోడు. ఆ కర్ర ఇలా అందుకో" అన్నాడు.

అది ఊతకర్ర. తల దగ్గర రెండు కొమ్ములుగా చీలి ఉంటుంది. పల్లకీ దండెను ఆ చీలికలో ఆనించి, బోయీలు నిలబడే సేద తీరతారు. బరువు దించరు, కూర్చోరు. కూర్చుంటే లేవబుద్ధి కాదు.

"ఇరవై అడుగులెయ్యి. ఆగు. చంకకింద కర్ర పెట్టి పది ఊపిర్లు పీల్చు. మళ్ళీ ఇరవై. అలా ఐదు మాట్లు. రోజుకి మూడడుగులు పెంచు" అన్నాడు అప్పన్న.

"నొప్పెడితే?"

"నొప్పెట్టినా ఇరవయ్యే, నొప్పెట్టకపోయినా ఇరవయ్యే. మేం భుజం మార్చేది నొప్పి పుట్టినప్పుడు కాదు, లెక్క అయినప్పుడు. నొప్పిని అడిగి ఆగినోడు రేపు పదడుగులకే ఆగుతాడు."

"నాకీ నడక పడదు నాన్నా!"

"పడమని ఎవడన్నాడు? తిట్టుకుంటూ నడు."

పైడమ్మ తిట్టుకుంటూ నడిచింది. నాలుగు రోజులు లెక్క తప్పలేదు. ఐదోరోజు మోకాలు తేలిగ్గా ఉంది. ముప్పై రెండు అడుగులు ఎందుకూ చాలవనిపించింది. తండ్రి తొడల మీదుగా ఎక్కుతున్న రాయి గుర్తొచ్చింది. ఊరి చివర ఏటిదాకా ఆగకుండా పోయి తిరిగొచ్చింది. మర్నాటికి మోకాలు గుమ్మడికాయలా వాచింది.

అప్పన్న మండిపడ్డాడు. "ఎవతె వెళ్ళమంది నిన్ను? బాగున్న రోజునే ఒళ్ళు దగ్గరెట్టుకోవాలి! అదీ తెలీనిదానివి నన్నేం బతికిస్తావే?"

పైడమ్మ ఏడ్చింది. ఏడుస్తూ కదలకుండా పడుకుంది. నొప్పి చప్పున మాయమైంది. ఎంత హాయిగా ఉందో!

"కాలు చూసుకో!" అని తండ్రి కేక పెట్టాడు.

బొటనవేలి గోరు నల్లబడుతోంది. ఉలిక్కిపడి కాలు జాడించింది. నొప్పి తిరిగొచ్చింది, గోరు తెల్లబడింది. వాపు తీసేదాకా మూడు రోజులు అప్పన్న ఆమెను పూర్తిగా ఊరకుండనివ్వలేదు. పడుకునే మడమ ఆడించమన్నాడు, మోకాలు కొద్దికొద్దిగా ముడిచి చాపమన్నాడు. తొమ్మిదోరోజు మళ్ళీ పది అడుగులతో మొదలు. రోజుకు మూడు చొప్పున పెరిగి, పందొమ్మిదోరోజుకు నలభై అయ్యాయి.

ఇరవయ్యోరోజు తెల్లవారింది. రాయి అప్పన్న పక్కటెముకల్లోకి ఎక్కింది. మాట సన్నబడింది.

"తొమ్మిది వందలు ఎక్కుతున్నాననుకోకు. నలభై ఎక్కు. ఆగు. మళ్ళీ నలభై. ఇంకో మాట. ఆగినప్పుడు తగ్గే నొప్పి పాతది, దాన్ని మోసుకుపో. తగ్గనిదీ, కాలు బరువాననివ్వనిదీ కొత్తది, దాని మాట విను. నీకు ముందుబోయీవి నువ్వే" అన్నాడు.

పల్లకీకి ముందు నడిచే బోయీ దారిలో ఉన్నదాన్ని కేకవేసి చెబుతాడు. వెనకవాళ్ళు విన్నామని బదులిస్తారు. పైడమ్మ మొదటి మెట్టు దగ్గర నిలబడి గొంతు సవరించుకుంది.

"మెట్టుంది మెట్టు!"

బదులిచ్చేవాళ్ళు లేరు. తనే ఇచ్చుకుంది. "చూసినాం, చూసినాం!"

నలభై. ఆగింది. నలభై. ఆగింది. రెండు వందలు దాటాక రాతి భటులు కనిపించారు. ఒకడు చెమట తుడుచుకుంటూ, ఒకడు చెప్పు విప్పుకుంటూ, ఒకడు తల మోకాళ్ళమీద పెట్టుకుని, గుండె కిందిదాకా రాళ్ళై మగతలో కూర్చుని ఉన్నారు. పైడమ్మ వాళ్ళ ముఖాలు చూడకుండా మెట్లే చూసింది.

మూడు వందలవ మెట్టు దగ్గర గాలిలో తేలుతూ ఒక పల్లకీ వచ్చి ఆగింది. పట్టు పరుపులు, వెండి గజ్జెలు. "ఎక్కు తల్లీ. రెప్పపాటులో పైన దింపేస్తాను" అంది.

పైడమ్మ దండె వంక చూసింది. చెమట మరక లేదు, భుజం రాసుకున్న నునుపు లేదు.

"నిన్నెవరూ ఎప్పుడూ మొయ్యలేదు. ఎవరూ మొయ్యని పల్లకీ ఎక్కడికి పోతాదే? తప్పుకో, నా లెక్క పోతాది" అంది.

పల్లకీ పొగలా విడిపోయింది.

ఐదు వందల అరవై. మోకాల్లో మంటలు పుడుతున్నాయి. చంకకింద కర్ర పెట్టుకుని నిలబడితే, మోకాల్లోంచే ఒక గొంతు వినిపించింది. "ఎముక చిట్లింది పైడమ్మా. ఇంకొక్క మెట్టెక్కితే కాలు ఊడిపోతుంది. మంచంమీద ఎనిమిది నెలలు మరిచావా? కూర్చో."

నిజమే అయితే? మామూలుగా పది ఊపిర్లు. ఈసారి ముప్పై పీల్చింది. చెయ్యిపెట్టి తడిమింది. వాపు లేదు. మెల్లగా బరువు ఆనించింది. కాలు బరువు ఓర్చుకుంది. మంట తగ్గి సెగలా మిగిలింది.

"పాతదే" అంది పైడమ్మ పైకి. "నువ్వు నా మోకాలివి కావు. నా మోకాలు ఎప్పుడూ ఇన్ని మాటలాడలేదు."

గొంతు ఆగిపోయింది.

ఎనిమిది వందల నలభై. గంట కనిపిస్తోంది. దాని పక్కన తెల్లటి చీరలో యక్షిణి నిలబడి ఉంది. ఈసారి ఆమె కూర్చోమనలేదు.

"ఎంత పట్టుదల అమ్మా! కానీ కింద చూడు."

పడమటి వైపు పొద్దు కొండ అంచుకు తగిలి ఉంది. యక్షిణి చాచిన అరచేతిలో అప్పన్న కనిపించాడు. రాయి గుండెకు ఒక వేలు దూరంలో ఉంది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు.

"లెక్కలేమిటింకా? పరుగెత్తు! మీ నాన్న పోతున్నాడు!"

పైడమ్మ పరుగెత్తింది. లెక్క మరిచిపోయింది, కర్ర వదిలేసింది. అక్కణ్ణించి ముప్పయ్యో మెట్టు దగ్గర మోకాలు చటుక్కున మడతపడి, రెండు చేతులమీదా బోర్లా పడింది. లేవబోయింది. కాలు రాలేదు.

అప్పుడు నొప్పి పోయింది. మూడేళ్ళుగా ఒక్కపూట వదలని నొప్పి, నీళ్ళలో ఉప్పులా కరిగిపోయింది. వెచ్చగా, నిద్ర వచ్చినట్టుగా ఉంది.

"చూశావా, ఎంత హాయో" అంది యక్షిణి ముద్దుగా. "నొప్పి లేదు కదూ?"

లేదు. లేకపోవడం చూసే పైడమ్మ భయపడింది. గోరు నల్లబడ్డ రోజు కూడా ఇలాగే హాయిగా ఉంది! పళ్ళు బిగించి మడమ ఆడించింది. ఏమీ తెలియలేదు. మళ్ళీ ఆడించింది. మోకాలు పిసరంత ముడిచింది. ఎక్కడో లోపల, సూదిమొనంత నొప్పి పుట్టింది.

"రా" అంది ఆ నొప్పితో. "నా తల్లీ, రా."

ఇంకాస్త ముడిచింది. నొప్పి భగ్గుమని కాలంతా పాకింది. అది వెళ్ళిన చోటల్లా రాయి పెళ్ళలుగా ఊడిపడింది. పైడమ్మ అరిచింది, ఏడ్చింది, పాకుతూ వెనక్కి దిగి ఊతకర్ర అందుకుంది. నిలబడి మనసు రాయి చేసుకుని పది ఊపిర్లు పీల్చింది. ఆ పది ఊపిర్లంత కష్టమైన పని ఆమె ఇంకెప్పుడూ చేయలేదు.

నలభై ఇక కాదు. ఐదు.

"మెట్టుంది మెట్టు!" అని కేక పెట్టింది. గొంతు జీరపోయి రెండో మాట రాలేదు.

కింద, రాతి భటుల పెదవులు కదిలాయి. లోయంతా ప్రతిధ్వనించింది. "చూసినాం, చూసినాం!"

ఐదు. ఆగింది. ఐదు. ఆగింది. పొద్దు సగం కుంగింది. ఆమె తొందరపడలేదు. చివరి మెట్టు ఎక్కి గంట తాడు పట్టుకుంది.

"ఆలోచించుకో" అంది యక్షిణి. ఆమె ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు. "గంట కొడితే నొప్పులన్నీ తిరిగొస్తాయి. నీదీ పోదు. బతికినంతకాలం ఉంటుంది."

"ఉండనీ. దానికీ నాకూ లెక్క కుదిరింది" అని పైడమ్మ తాడు లాగింది.

గంట మోగగానే యక్షిణి మాయమైంది. దేవళపురం మొత్తం ఒక్కసారిగా "అబ్బా!" అని అరిచింది. అన్ని రోజుల నొప్పీ అందరికీ ఒకేసారి వచ్చింది. కొండమీదికి వినిపించిన ఆ కేకల్లో ఒకటి తండ్రిదని పైడమ్మ గుర్తుపట్టింది. గంట స్తంభానికి ఆనుకుని, నిలబడే ఏడ్చింది.

మర్నాడు పొద్దున మెట్లు దిగింది. దిగడం ఎక్కడంకంటే కష్టమైంది. భటులు ఎత్తుకుంటామన్నారు. "పక్కన నడవండి చాలు" అంది. కొండకింద రాజుగారి పల్లకీ సిద్ధంగా ఉంది. దాన్ని తిరిగి పంపించింది.

అందరూ లేవలేదు. గుండెదాకా రాయైన పదకొండుమంది అలాగే ఉండిపోయారు. వాళ్ళలో నలుగురు బోయీలు.

రాజు నడుం పట్టుకుని ఎదురొచ్చాడు. "అమ్మా, నన్ను క్షమించు. సగం రాజ్యం నీది."

"క్షమించడానికి నేనెవర్ని? ఆ పదకొండుమందినీ అడగండి" అంది పైడమ్మ. "నాకు సగం రాజ్యం వద్దు. తమరు సొంత కాళ్ళతో ఆ కొండెక్కి గంట కొట్టాలి. అప్పుడే సింహాసనమ్మీద కూర్చోవాలి."

"అందాకా?"

"అందాకా నిలబడి ఏలండి. ఇరవై మెట్లతో మొదలెట్టండి."

రాజుకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో నిలబడి చెప్పిన తీర్పులు పొట్టిగా, సరిగ్గా ఉండేవని జనం చెప్పుకున్నారు. పల్లకీల కర్రతో ఊళ్ళో వంతెన వేశారు. బోయీలు ఊరివాళ్ళకు నడక నేర్పారు.

పైడమ్మ మోకాలు బాగవలేదు. వానాకాలంలో మరీ పోటు పెట్టేది. అలాంటి ఒక పొద్దున ఆమె దుప్పటి ముసుగుతన్ని పడుకుంటే, అప్పన్న రెండు ఊతకర్రలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎన్ని?" అన్నాడు.

"ఇవాళ నొప్పిగా ఉంది నాన్నా."

"నాకూ ఉంది. ఎన్నని అడిగాను."

పైడమ్మ నలుగురికి వినపడేలా తిట్టుకుంది. తరవాత దుప్పటి తీసింది.

"ఇరవై" అంది.

"పద."