పన్నెండో నంబరు

రెండో తరగతి టీచరమ్మ రిటైరై ఆరేళ్ళయింది. అయినా బడికి నూరేళ్ళు నిండుతున్నాయనగానే, చరిత్ర రాయమని హెడ్ సిస్టర్ ఆవిడకే కబురు పెట్టింది. పాత రిజిస్టర్లలోని గొలుసుకట్టు రాత చదివే ఓపిక మరెవరికుంది గనక?

ఆవిడ రాసుకుంటూ వచ్చింది. మొదట్లో బడంటే చర్చి వెనక కొవ్వొత్తుల పెట్టెలు దాచుకునే గది. ఒక ఫాదరు, ఒక నల్లబల్ల, పన్నెండు మంది పిల్లలు. తర్వాత సిస్టర్లు వచ్చారు. వరండా వచ్చింది, మేడ లేచింది, హైస్కూలయింది. ఇప్పుడు వెయ్యి మందికి పైనే. ఆ మొదటి గదిలో మాత్రం నేటికీ రెండో తరగతే నడుస్తోంది.

ఆ గదికొక ఆనవాయితీ ఉంది. సాయంత్రం తాళం వేసేవాళ్ళు గుమ్మంలో నిలబడి, ఖాళీ గదిలోకి "పన్నెండు" అని పిలవాలి. మూడు లెక్కపెట్టాలి. వెనక బెంచీ కిర్రుమంటుంది. అప్పుడు తాళం వేయాలి. రిజిస్టర్లో పన్నెండో గడిలో ఎవరి పేరూ రాయరు. ఎందుకో ఎవరికీ తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆవిడా అలాగే పిలిచింది. చల్లబడితే పాత చెక్క మూలుగుతుందని పిల్లలకి చెప్పేది. తనకీ చెప్పుకునేది.

ఆ రోజు సెలవుల తర్వాత బడి తెరిచారు. పొద్దున్నే పేర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. ఖాళీ గడి ఉంటే అది ఒప్పుకోదట.

"పన్నెండేం పాపం చేసింది టీచర్, పస్తు పెట్టడానికి?" అని హెడ్ సిస్టర్ నవ్వింది.

టీచరమ్మా నవ్వేసింది. ఆ నంబరు వచ్చింది, ఈ ఏడే రెండో తరగతికొచ్చిన ఆవిడ మనవరాలికే.

సాయంత్రం ఐదవుతుండగా బీరువా అట్టడుగున మొదటి ఏటి రిజిస్టరు దొరికింది. పన్నెండో పేరు, ఎవరో ఆడపిల్లది, సిరా ఒలికి కనబడకుండా ఉంది. పక్కనే ఫాదరు చేతిరాత.

'సెలవులిచ్చిన రోజు బెంచీ కింద నిద్రపోయింది. చూసుకోకుండా తాళం వేశాను. ఊరంతా వెతికారు. ఈ గది తెరవాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. ఇకమీదట పిలవకుండా తాళం వేయకండి. ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వకండి. తన చోటు తనకుంటే కదలదు.'

బయట మబ్బు కమ్మింది. వాన మొదలైంది. మోకాళ్ళ నొప్పి కూడా మరిచి, ఆవిడ వరండా వెంట పరుగులాంటి నడకతో వెళ్ళింది. వాచ్‌మన్ అప్పుడే తాళం వేస్తున్నాడు.

"పాప ఏదయ్యా?"

"గేటు దగ్గరుంది టీచరమ్మా. గొడుగిచ్చి నిలబెట్టాను. ఏమిటా కంగారు?"

"పిలిచావా?"

"పిలిచాను." గొంతు తగ్గించాడు. "కానీ... ఇవాళ బెంచీ పలకలేదు."

"తెరువు."

తలుపు తెరుచుకుంది. తడిసిన సుద్దవాసన. పాత మైనం వాసన. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.

"పన్నెండు."

ఒకటి... రెండు... మూడు...

వాన చప్పుడే. పది దాకా లెక్కపెట్టింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆ గది అంత ఖాళీగా ఎన్నడూ లేదు.

గేటు దగ్గర మనవరాలు బుద్ధిగా నిలబడి ఉంది. ఆవిడ దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మమ్మా, నా నంబరు పన్నెండు. టీచర్ పిలిస్తే గట్టిగా పలికాను. రెండుసార్లెందుకు పలికావని కోప్పడింది."

"ఎందుకు పలికావే?"

"నేను ఒకసారే పలికాను."

ఆవిడ ఆ చెయ్యి వదలకుండా ఇంటిదారి పట్టింది. రేపు తెల్లారగానే ఆ నంబరు తీయించేయాలి... కంప్యూటరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా. దారంతా అదే అనుకుంటూ నడిచింది.

ఇంట్లో ఎవరూ లేరు. కూతురూ అల్లుడూ డ్యూటీ దిగడానికి ఇంకా గంట ఉంది. పాప పెరట్లోకి పరుగెత్తింది. కాళ్ళు కడుక్కుంటోంది. మగ్గు చప్పుడు, నీళ్ళ చప్పుడు, దాని కూనిరాగం వినిపిస్తూనే ఉన్నాయి.

ఆవిడ వీధి తలుపు మూసి గడియ మీద చెయ్యి వేసింది. ఏళ్ళ తరబడి అలవాటైన నాలుక... తలుపు మూస్తే ఊరుకోదు.

"పన్నెండు" అనేసింది.

వెంటనే నాలుక కరుచుకుంది.

పెరట్లో నీళ్ళ చప్పుడు ఆగలేదు.

ఒకటి...

రెండు...

మూడు...

లోపలి గదిలో, పాప మంచం కిర్రుమంది.