జూన్ నాటికి వంతెన

తాడేపల్లిగూడెం సేవాకిరణ్ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. ఆదివారం వక్త ఏం మాట్లాడతాడో శనివారమే క్లబ్బుకి తెలిసిపోతుంది. అధ్యక్షులు ఉమాపతి గారు రిటైర్డ్ హెడ్మాస్టరు. వందన సమర్పణ కాగితాన్ని ముందురోజే ఇంట్లో కూర్చుని స్వహస్తాలతో రాసేస్తారు. దాన్ని మైకు ముందు చదివే పని మాత్రం అందరికంటే కొత్త సభ్యురాలు సిల్వియాది.

ఆ ఆదివారం వక్త శ్రీకర్. కొల్లేటి లంక ఊళ్ళకి కడుతున్న పెద్ద వంతెనకి సైట్ ఇంజనీరు. పాపం, వారం రోజులు కూర్చుని నలభై స్లైడ్లు తయారు చేసుకొచ్చాడు.

మీటింగు పదకొండింటికి మొదలైంది. కార్యదర్శి గారు అధ్యక్షుల వారిని పరిచయం చేశారు. అధ్యక్షుల వారు కార్యదర్శి గారిని అంతకు రెట్టింపు పొగిడారు. మాజీ అధ్యక్షులు తమ హయాంలో వేయించిన సిమెంటు బెంచీల గురించి అరగంట చెప్పారు. శ్రీకర్‌కి శాలువా కప్పారు, దండ వేశారు, జ్ఞాపిక చేతిలో పెట్టి ఫొటో సరిగ్గా రాలేదని మళ్ళీ పెట్టారు.

సిల్వియా ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. ఆమె లంకలో బడి టీచరు. మూడేళ్ళుగా రోజూ బస్సు, ఆటో, ఆపైన పడవ. వానాకాలం వస్తే బడికి తడిసిన కోడిలా చేరుతుంది. ఇక చాలమ్మా, ట్రాన్స్‌ఫర్ పెట్టుకో అని వాళ్ళమ్మ వరమ్మ పోరు పెడుతోంది. బడిని వదలడానికి సిల్వియాకి మనసొప్పడం లేదు. కానీ ఒళ్ళు ఇంక సహకరించడం లేదు. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు ఫోన్లో నింపే ఉంది. సబ్మిట్ నొక్కడానికి ఆ రోజే ఆఖరు. వంతెన ఈ జూన్‌కి వచ్చేస్తే నొక్కక్కర్లేదు. రాకపోతే నొక్కెయ్యాలి. ఆ మాట వక్త నోట విందామనే ఆమె వచ్చింది.

ఒంటిగంటకి శ్రీకర్‌కి మైకు దక్కింది. మొదటి స్లైడు తెర మీద పడింది. అంతలో వెనక డైనింగు హాల్లో బిర్యానీ మూత తీశారు. ఆ వాసనకి సేవాతత్పరులంతా ఒక్కసారి లేచారు. రెండు నిమిషాల్లో ముగించమని ఉమాపతి గారు చీటీ పంపించారు. శ్రీకర్ నమస్కారమండీ అని, వంతెన పొడవు చెప్పి, కూర్చున్నాడు.

సిల్వియా కాగితం విప్పింది. "గంటసేపు అనర్గళంగా ప్రసంగించి, జూన్ నాటికే వంతెన పూర్తవుతుందన్న శుభవార్త మనకందించిన..."

"నేనలా అనలేదండీ," అన్నాడు శ్రీకర్, కూర్చున్న చోటునుంచే.

హాల్లో మిగిలిన నలుగురూ అటు తిరిగారు. ఎప్పుడో ఒకప్పుడు పూర్తవుతుంది కదా, చదివెయ్యమ్మా అన్నారు ఉమాపతి గారు. చదివింది. నలుగురూ చప్పట్లు కొట్టి ప్లేట్ల దగ్గరికి పరిగెత్తారు.

సిల్వియా మాత్రం ప్లేటు పట్టుకుని తిన్నగా శ్రీకర్ దగ్గరికే వెళ్ళింది. తన దరఖాస్తు సంగతంతా చెప్పింది.

"జూన్ అంటే ఉండిపోతారా?" అని అడిగాడు.

"ఉంటాను."

"కాదంటే?"

"ఇప్పుడే నొక్కేస్తాను. నిజం చెప్పండి."

జూన్ అనడం ఎంతసేపు? రెండక్షరాల మాట. క్లబ్బంతా ఇప్పటికే ఒప్పేసుకుంది కూడా. శ్రీకర్ బిర్యానీని కాసేపు కెలికాడు.

"రెండేళ్ళు పడుతుందండీ. అడుగున అంతా మెత్తటి బురద. ఒక పునాది కుంగింది, మళ్ళీ వెయ్యాలి." ప్లేటు పక్కన పెట్టాడు. "రోజూ పొద్దున్న సైటు మీంచి, పడవలో వెళ్ళే మిమ్మల్ని చూస్తాను. మీరు రాని రోజు నాకు పని మీద మనసు నిలవదు. మీరు వెళ్ళిపోతే బాధగానే ఉంటుంది. అలాగని అబద్ధం చెప్పి ఆపలేను కదండీ."

లంకకి వంతెన గురించి సిల్వియా ఇప్పటిదాకా చాలా తేదీలు వింది. చెప్పినవాడికే నష్టం కలిగే తేదీ వినడం ఇదే మొదటిసారి. ఈ మనిషిని నమ్మొచ్చు అనిపించింది, నమ్మింది.

"మరి ఈ రెండేళ్ళూ మీరు ఇక్కడే ఉంటారా?"

"ఆ పునాది లేచేదాకా నన్ను కదలనివ్వరండీ."

సిల్వియా ఫోను తీసి, దరఖాస్తు డిలీట్ చేసి, చికెన్ ముక్క నోట్లో పెట్టుకుంది.

ఉమాపతి గారు పెరుగు గిన్నెతో వచ్చారు. "ఏమ్మా, జూనే కదా? పేపరు వాళ్ళకి అలాగే పంపించేశాను."

"కాదండీ, రెండేళ్ళు పడుతుందట," అంది సిల్వియా, ముఖం వెలిగిపోతుండగా.

"అయ్యో, అంత ఆలస్యమా?"

"పర్వాలేదండీ. మా అమ్మని ఒప్పించడానికి ఆమాత్రం టైము కావాలి."

వంతెనకి వరమ్మ అనుమతి ఎందుకో ఉమాపతి గారికి అంతుపట్టలేదు. శ్రీకర్ మాత్రం చెవుల దాకా ఎర్రబడ్డాడు.