ముప్పై రోజుల గడువు

"గమ్ము లేదు మేడం" అన్నాడు జస్టిన్, తల ఎత్తకుండానే.

"ఆఫీసుల గమ్ము లేదా?"

"ఉండె. అయిపోయింది. స్టాంపు అంటించకుంటే సమాచార హక్కు దరఖాస్తు తీస్కోను. రూలు."

వానలో తడిసి వచ్చిన ఆ అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది. సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, నాలుగు అన్నం మెతుకులు వేలితో నలిపి, కోర్టు ఫీజు స్టాంపు వెనక పూసి, కాగితం మీద గట్టిగా నొక్కింది.

"ఇప్పుడు తీస్కుంటరా? కూర గూడ కావాల్నా?"

అప్పుడు తల ఎత్తాడు జస్టిన్. ఎత్తినవాడు దించడం మరిచిపోయాడు. ఆఫీసు పేరు మనకెందుకు గానీ, ములకలపల్లి వైపు అడవి అంచున కంప్యూటర్ ఆపరేటర్లకు ఇలాంటి దరఖాస్తుదారులు రోజూ తగలరు.

ఆమె పేరు మహిమ. బడిలో పాఠాలు చెబుతుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక తేనెగుట్ట జలపాతానికి ట్రెక్కింగ్ వాళ్లను తీసుకెళ్తుంది. ఆ బాట మరమ్మతుకు ఎంత ఖర్చయింది, ఎక్కడ ఏం చేశారు, అదంతా బాట మొదట్లో బోర్డు మీద రాసి పెట్టండి అని ఆమె కోరిక.

"ముప్పై రోజులల్ల జవాబొస్తది" అన్నాడు.

"రాకుంటే?"

"రాకుంటే కాదన్నట్టే లెక్క. చట్టం గట్లనే ఉంది."

ఆ తర్వాత ఆమె శనివారం శనివారం దరఖాస్తు సంగతి కనుక్కోవడానికి వచ్చేది. కనుక్కోవడం రెండు నిమిషాలు, టీ కొట్టు దగ్గర కబుర్లు గంట. మూడో వారానికి జస్టిన్ కూడా గుట్ట ఎక్కాడు.

నాలుగో మలుపు దగ్గర పక్కనే లోయ. పట్టుకోవడానికి ఏమీ లేదు. మహిమ చెయ్యి అందించింది. మలుపు దాటాక కూడా వదల్లేదు.

"ఒకటి అడుగుత. నేనంటే ఇష్టమేనా నీకు?"

జస్టిన్‌కు చెవులు వేడెక్కాయి. నవ్వేసి, "గడువెంత?" అన్నాడు.

"ముప్పై రోజులు. నీ రూలే నీకు."

అక్కడికక్కడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అంతకు ముందు రోజే పాత ఫైల్లో అతనొక బిల్లు చూశాడు. నాలుగో మలుపులో ఇనుప రెయిలింగు, పని పూర్తి, చెల్లింపు కూడా పూర్తి. సీనియర్ గుమాస్తా భద్రయ్య అది లాగేసుకున్నాడు. "ఆ ఫైలు ముట్టకు తమ్మీ. వచ్చే నెల నీ కాంట్రాక్టు రెన్యూవల్ ఉన్నది. ఊకుంటే పోయేదేముంది?"

మహిమ దగ్గర మనసు విప్పితే బిల్లు సంగతీ విప్పాలి. అది విప్పితే ఉద్యోగం పోతుంది. రెన్యూవల్ అయిపోనీ, రెండూ ఒకేసారి చెప్పేద్దాం అనుకున్నాడు జస్టిన్. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఆ విషం తాగింది అతను కాదు.

గుట్ట మీద ఉడకబెట్టిన పల్లీలు అమ్ముకునే గూడెం మనిషి ముత్తక్క, వానలో నాలుగో మలుపు దగ్గర జారింది. చెట్టు వేరు ఆపబట్టి ప్రాణం దక్కింది. తొడ ఎముక విరిగింది.

దవాఖానా వరండాలో మహిమ చున్నీ నిండా మట్టి.

"ఆడ రెయిలింగు ఉన్నట్టు కాగితంల ఉందా జస్టిన్?"

అతను నేల చూశాడు. "ఉంది."

"నీకు ఎప్పటిసంది ఎరికె?"

"మనం గుట్ట ఎక్కే ముందురోజు సంది."

మహిమ అరవలేదు. అరిచినా బాగుండేది.

"దరఖాస్తుకు గడువు ఎప్పుడో దాటింది. నేనడిగినదానికి ఇయ్యాల్టితోని దాటింది" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారమే గ్రామసభలో జస్టిన్ లేచి నిలబడి, భద్రయ్య దాచిన ఫైలు తెరిచి ప్రతి బిల్లూ చదివాడు. ఇక రెన్యూవల్ సంగతి అడగక్కర్లేదు. నాలుగు నెలలకు మలుపులో రెయిలింగు వచ్చింది, బాట మొదట్లో ఖర్చుల బోర్డు వచ్చింది. మహిమ మాత్రం రాలేదు. చర్ల వైపు ఏదో హాస్టల్ బడిలో చేరిందట. అతను ఫోన్ చేస్తే ఎత్తదు.

చివరికి ఒకరోజు, మిషన్ కుట్టుకుంటున్న మహిమ తల్లి ఇన్నమ్మ ముందు ఒక కాగితం పెట్టాడు.

"ఏంది బిడ్డా ఇది?"

"అప్పీలు అమ్మా. కింద కాదంటే పై అధికారికి పెట్టుకోవచ్చు."

ఇన్నమ్మ అద్దాలు పెట్టుకుంది. "దీనికి గడువుండదా?"

"ఉంటది. దాటింది. ఆలస్యానికి కారణం రాయాలె."

కారణం దగ్గర ఒకటే మాట ఉంది. భయం.

ఇన్నమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. మూలన ఉన్న స్టాంపును గోటితో గీకి, "అన్నం మెతుకులా?" అంది.

"అవ్ అమ్మా."

"మంచోడివే. జల్దీ మంచోడివి గాలె, అంతే. పంపుత గని, జవాబు దానిది, నాది గాదు."

ఇరవై తొమ్మిది రోజులు జస్టిన్ పోస్ట్‌మ్యాన్‌కు ఎదురెళ్లాడు. ముప్పయ్యో రోజున ఒక కవరు వచ్చింది. 'విచారణ: ఆదివారం, నాలుగో మలుపు.'

గుట్ట కిందే ముత్తక్క పల్లీల బుట్టతో కూర్చుని ఉంది, పక్కన చేతికర్ర. ఇప్పుడామె పైకి ఎక్కలేదు. జస్టిన్ తల వంచుకుని ఆమెను దాటి వెళ్లాడు.

పైన మహిమ రెయిలింగుకు దూరంగా నిలబడింది. కొంచెం చిక్కింది.

"చెప్పు."

"ఇష్టం. ఆ రోజు గూడ ఇష్టమే."

"ఆ రోజే చెప్తే బిల్లు సంగతి గూడ చెప్పేటోడివి. ముత్తక్క నడిచేది."

"అవ్."

కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. మహిమ అంది: "ముందుగాల ఆ రెయిలింగు పట్టి చూడు. గట్టిగున్నదా?"

అతను ఒక్కో కడ్డీ ఊపి చూశాడు. "ఒకటి లూజున్నది. కింద చెప్పాలె."

అప్పుడు చెయ్యి చాచింది మహిమ.

"బిల్లు సంగతి నీకు ముందే ఎరికని ముత్తక్కకు ఇంకా తెల్వదు. నేను చెప్పలేదు. నువ్వే చెప్పాలె."

"ఎప్పటి వరకు?"

"దిగంగనే. ఈసారి గడువు లేదు."