ఎడంచేతి పెళ్ళికొడుకు

తెల్లారేసరికి శౌరయ్య వసారాలో కూర్చుని, పెళ్ళాం పాత వాయిల్ చీర ముక్కతో ప్రొజెక్టరు అద్దం తుడుస్తున్నాడు. కూచిపూడి దాటాక కాలవ పక్కన ఉన్న డేరా సినిమా ఆయనదే. అద్దం చేతిలో ఉంటే ఆయనకి లోకం పట్టదు. పన్ను బాకీ కింద ఆ మిషను నెలాఖరుకి జప్తు కాబోతోందన్న ధ్యాస కూడా లేదు, ఏం మనిషో.

"తుడిచింది చాలు, బస్సు వేళయింది," అంది తెరేసమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టి. "ప్లీడరు దగ్గరికి నేనూ వస్తున్నా. మీరొక్కరే వెళితే ఆయనేమన్నా తలూపి వస్తారు."

శౌరయ్య అద్దాన్ని గుడ్డలో చుట్టి లేచాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కనాడూ డేరాలో అడుగుపెట్టలేదు. పెళ్ళికి ముందు ఆవిడచేత వాళ్ళమ్మ, మరియమాత పటం ఎదట అలా ఒట్టు వేయించుకుందట. ఆ వంకతో తన పనిని ఈసడిస్తోందని ఆయన మనసులో ఓ ముల్లు.

బస్సు కిటికీలోంచి వరిచేలు, కాలవ, కాలవ నీళ్ళలో మబ్బులు మెల్లగా వెనక్కి పోతుంటే ఆయనకి బొమ్మ ఆడుతున్నట్టే ఉంది. బెజవాడ వచ్చేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాడు.

గాంధీనగరంలో ప్లీడరు తిరుపతిరావు కాగితాలు చదివి కళ్ళజోడు తీశాడు. "తనిఖీకొచ్చిన ఆఫీసరు డేరాలో జనంతో పాటు, వెనక కాలవ గట్టు మీద కూర్చుని చూసేవాళ్ళనీ లెక్కేశాడు. వాళ్ళ దగ్గర చాటుగా డబ్బు పుచ్చుకున్నావని ఏడాది మొత్తానికీ వినోదప్పన్ను వడ్డించాడు. పుచ్చుకున్నావా?"

"లేదండీ. గాలాడాలని వెనక పరదా ఎత్తిస్తాను. తెర వెనక నుంచి చూసేదానికి డబ్బేమిటండీ?"

"నువ్వంటే చాలదు. ఊరికే చూశామని గట్టు మీది వాళ్ళొచ్చి చెప్పాలి."

"అడిగానండీ. మేమా, గట్టు మీదా అంటున్నారు. పరువు పోతుందట."

"అయితే మిషను మీద ఆశ వదులుకో."

శౌరయ్య కాగితాలు పోగుచేసుకోబోయాడు.

"నేను చెబుతానండీ," అంది తెరేసమ్మ.

"నీకేం తెలుసని?" ఇన్నేళ్ళ ఉక్రోషమూ అక్కడే వెళ్ళగక్కాడు శౌరయ్య. "ఏనాడన్నా నా డేరా మొహం చూశావా? అది పోతే నీకు పీడా వదులుతుంది."

ఆవిడ ప్లీడరు వైపే చూస్తూ చెప్పింది. "డేరాలో అడుగుపెట్టనని ఒట్టేశానండీ. గట్టు మీద కూర్చోనని వెయ్యలేదు. దీపాలార్పాక చెంగు కప్పుకుని వెళ్ళేదాన్ని, రోజూ."

"చూశావని నమ్మకమేమిటమ్మా?"

"ఇప్పుడాడే బొమ్మలో పెళ్ళికొడుకు ఎడంచేత్తో అన్నం తింటాడు. అంత పెద్ద ఆక్టరుకి ఆమాత్రం తెలీదా అని నాకు ఒళ్ళు మండేది."

ప్లీడరు పగలబడి నవ్వాడు. "తెర వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుందమ్మా. రుజువు భేషుగ్గా ఉంది. కానీ ఇంటిమనిషి మాట ఒక్కటే నిలవదు."

"సంపూర్ణమ్మ, శౌరమ్మ నా పక్కనే కూర్చుంటారు. నేను ముందు నోరు విప్పితే వాళ్ళూ విప్పుతారు."

మెట్లు దిగాక శౌరయ్య ఆగాడు. "నా పనంటే నీకు అసహ్యమనుకున్నానే ఇన్నాళ్ళూ."

"అసహ్యమైతే ఆ దోమల్లో కూర్చుంటానా?"

"మరి చెప్పలేదేం?"

"మీరడిగితేగా," అంది, చెంగుతో మొహం తుడుచుకుంటూ.

ఆ వారంలోనే పన్నుల ఆఫీసులో గట్టు మీది ఆడవాళ్ళంతా ఊరికే చూశామని చెప్పి, ఆ పెళ్ళికొడుకు ఎడంచేతి తిండిని ఒక్క గొంతుతో ఏకిపారేశారు. ఆఫీసరు గట్టు లెక్క కొట్టేసి, మిగిలిన కాస్త బాకీ వాయిదాల మీద కట్టుకోమన్నాడు. మిషను నిలిచింది.

ఆ సాయంత్రం మొదటాటకి ప్రొజెక్టరుని ఆపరేటరు బాలశౌరికి అప్పగించి, శౌరయ్య గట్టెక్కాడు. బొమ్మ వెలుగు కాలవ నీళ్ళ మీద కూడా ఊగుతోంది. తెరేసమ్మ గోనెపట్టా మీద జరిగి చోటిచ్చింది. తెర మీద పెళ్ళికొడుకు ఎడంచేత్తో ముద్ద కలిపాడు. అంతే, ఆయనకి కళ్ళ నిండా నీళ్ళొచ్చి ఇక బొమ్మ కనపడలేదు. రోజూ తను వేసిన బొమ్మకి అవతలివైపు ఈవిడ కూర్చుని ఉందని తెలియకుండానే ఇన్నేళ్ళు గడిపేశాడు.

"నాకు టిక్కెట్టు లేదే," అన్నాడు కళ్ళు తుడుచుకుని.

"ఓనరు మంచోడేలెండి, అడగడు," అంది తెరేసమ్మ. "కూర్చోండి."