చంద్రకళ స్టూడియోలో ఉప్పలయ్య చూపు

జనగామ స్టేషన్ రోడ్డులో చంద్రకళ స్టూడియో ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. తప్పనిసరై నడిచేవాళ్ళు ఎదురు పక్కకు దాటి, తల దించుకుని, గబగబా పోతారు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట — "లోపల ఉప్పలయ్య చూస్తుంటడు."

ఉప్పలయ్య పోయి మూడేళ్ళయింది. స్టూడియో మూతబడిందీ అప్పుడే. వీధి కిటికీలోంచి తొంగిచూస్తే లోపలి గోడకు ఆయన ఫోటో కనిపిస్తుంది. ఆ ఫోటోలో కళ్ళు ఊరుకోవట. మనిషి ఎటు కదిలితే అటే తిరుగుతాయట... ఆటో నడిపే రాంజీ ఒక రాత్రి అక్కడ బండి ఆపి, బీడీ ముట్టించుకుని, అలవాటుగా కిటికీ వైపు చూశాడు. అంతే. మూడు రోజులు జ్వరంతో మంచం దిగలేదు.

"ఇటు జరిగితే ఇటే చూసిండు... అటు జరిగితే అటే చూసిండు," అని వణుకుతూ చెప్పాడట.

అది చాలదన్నట్టు, సకల జనుల సమ్మె మొదలైన కొన్నాళ్ళకు ఇంకో వింత. అర్ధరాత్రి దాటాక, తాళం వేసిన ఆ స్టూడియోలో తెల్లటి వెలుగు గీత ఒకటి లేస్తుందట. మెల్లగా... ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరుగుతుందట. ఆగుతుందట. మళ్ళీ వెనక్కి వస్తుందట.

ఈ మాటలు విని నవ్వినవాడు ఊళ్ళో ఒక్కడే — జగపతి. అరవై మూడేళ్ళవాడు. ఉప్పలయ్య దగ్గర నలభై ఏళ్ళు పనిచేసినవాడు.

"గాయిన చూస్తే మీ చెప్పులను చూస్తడు గని, మిమ్మల్ని చూస్తడా?" అనేవాడు చాయ్ హోటల్లో కూర్చుని.

ఆ మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. జగపతి ఎందుకంత ధీమాగా అనేవాడంటే, ఆ కళ్ళు గీసింది ఆయనే.

మనవైపు శవాన్ని లేపేముందు ఆఖరి ఫోటో తీయించే అలవాటు ఉంది కదా. పోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ ఇంటివాళ్ళు నిలబడతారు. మరి కళ్ళు మూసుకున్న ఫోటోను గోడకు ఎవరు తగిలించుకుంటారు? అందుకని నెగెటివ్ మీదే కళ్ళు తెరిపించేవాళ్ళు. తెల్లగుడ్డుకు సన్నటి పెన్సిల్ మొన, నల్లగుడ్డుకు బ్లేడు కొసతో ఒక చిన్న గీరు. టచింగ్ అంటారు ఆ పనిని. వెంట్రుకవాసి పక్కకు పోయినా మనిషి మెల్లకన్నువాడైపోతాడు. ఆ పనిలో జగపతిని మించినవాడు వరంగల్ దాకా లేడు. ఈ ఊరి గోడల మీద దండలు వేసుకుని చూస్తున్న పెద్దలకు చాలామందికి కళ్ళు తెరిపించింది ఆయన చెయ్యే. ఫోటో కింద ముద్ర మాత్రం — ఉప్పలయ్య, చంద్రకళ స్టూడియో.

అదే జగపతి కడుపులో మంట. ఒకరోజుది కాదు, నలభై ఏళ్ళది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కోసం జనగామ స్టేషన్‌లో పిల్లలు పట్టాల మీద పడుకుంటే ఉప్పలయ్య ఒక ఫోటో తీశాడు. మబ్బు పట్టిన రోజు, పైగా పరుగుల మీద తీశాడు. నెగెటివ్ కడిగితే ఏమీ లేదు, పొగ పట్టిన అద్దం లాగుంది. "పోయింది తియ్, పారెయ్," అన్నాడు ఉప్పలయ్య. జగపతి పారెయ్యలేదు. తెల్లవార్లూ వెనక గదిలో కూర్చుని దానికి బొమ్మ తేలే మందు పెట్టాడు, ఒక్కొక్క మొహాన్నీ పెన్సిల్‌తో బయటికి లాగాడు. పొద్దున ఆ ఫోటోను చూసి ఊరు ఊరంతా కన్నీళ్ళు పెట్టుకుంది. పేపరులో వేశారు. పేరు ఉప్పలయ్యది.

అందుకే ఉప్పలయ్య పోయినప్పుడు ఆఖరి ఫోటో తీసి, ఆ రాత్రి టచింగ్ బల్ల ముందు కూర్చున్న జగపతి మనసులో మంచి లేదు. నల్లగుడ్లను సూటిగా పెట్టలేదు. కావాలని, చక్కగా, కింది రెప్పకు ఆనించి గీరాడు. ఉప్పలయ్య నేల చూపులు చూశాడు — తప్పు చేసి పట్టుబడ్డవాడి లాగ.

సూటిగా చూసే ఫోటో ఏదైనా సరే, మనం ఎటు జరిగితే అటు చూసినట్టే ఉంటుంది. అందులో దెయ్యమూ లేదు, దేవుడూ లేడు. నేల చూపులు చూసే ఫోటో మాత్రం ఎవరి వెంటా పడదు. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టే జగపతి నవ్వేవాడు. కానీ ఆ ఫోటోను ఇచ్చిన రోజు నుంచీ మళ్ళీ ఆ రోడ్డు తొక్కలేదు.

సమ్మె మొదలయ్యాక అఖిల అనే టీచరమ్మ ఆయన ఇంటికి వచ్చింది. బడులు బంద్. ఊరికే కూర్చోలేక నలుగురు టీచర్లు కలిసి జనగామ పాత ఫోటోలు, పాత కాయితాలు పోగుచేసి కంప్యూటర్‌లో దాస్తున్నారు.

"స్టూడియో తెరిచి నెగెటివ్‌లన్ని ఎక్కిస్తం బాపు. తాళం ఇస్తనని అండాలవ్వ చెప్పింది. ఒక్కపారి కంప్యూటర్‌ల పడ్డదంటే నూరేండ్లయినా పోదు, లోకమంతా చూస్తది. మీరు జర వచ్చి ఎవరెవరో గుర్తుపట్టి చెప్పుండ్రి. మీరాడ హెల్పర్‌గ చేసిండ్రంట గద?"

హెల్పర్!

"కింద పేరు ఎవరిది రాస్తరు?" అని మాత్రం అడిగాడు జగపతి.

"ఫోటో తీసినోళ్ళదే గద, బాపు."

నూరేళ్ళు. లోకమంతా. ఇన్నాళ్ళూ ఊరి గోడల మీదే లేని తన పేరు ఇక ఎక్కడా ఉండదన్నమాట. నాకు చూపు ఆనడం లేదని చెప్పి ఆమెను పంపేశాడు.

అండాలు ఉప్పలయ్య భార్య. రఘునాథపల్లిలో కూతురి దగ్గర ఉంటుంది. బస్సులు నడవడం లేదు కాబట్టి సమ్మె అయ్యేదాకా తాళం కదలదని జగపతి లెక్కేసుకున్నాడు. ఆలోపు నెగెటివ్‌లు లేకుండా పోతే...? ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది. వారం రోజులు దాన్ని తోసేస్తూనే ఉన్నాడు.

ఒక సాయంత్రం దీక్షా శిబిరానికి పోయాడు. వెనక గోడంత ఫ్లెక్సీ కట్టారు. అదే ఫోటో, పట్టాల మీది పిల్లలు. కింద జానెడు అక్షరాలతో ఉప్పలయ్య పేరు. మైకులో ఎవరో "ఈ ఫోటో తీసిన చేతికి దండం" అన్నారు. చప్పట్లు మోగాయి. వెనక నుంచి ఒక అతను జగపతి భుజం తట్టాడు.

"అన్నా, జర పక్కకు జరుగు. ఫోటో కానొస్తలేదు."

జగపతి పక్కకు జరిగాడు. అక్కడి నుంచి నేరుగా ఇంటికి పోయి, లాంతరులోని గాసునూనెను సీసాలో పోసుకుని, అగ్గిపెట్టె జేబులో వేసుకుని, ఊరు మాటుమణిగే దాకా కూర్చున్నాడు.

బొగ్గు గనుల్లో కూడా సమ్మె కావడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. స్టేషన్ రోడ్డు గుడ్డి చీకటిగా ఉంది. రైళ్ళు లేవు... కుక్క కూడా మొరగలేదు. స్టూడియో వెనక తలుపు గొళ్ళేన్ని సైకిల్ పుల్లతో లేపొచ్చని తెలిసినవాడు ఆయనొక్కడే. లేపాడు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది — మూడేళ్ళుగా మూసి ఉన్న తలుపు కిర్రుమనలేదేమని ఆయనకు తట్టలేదు.

ఎడమ పక్క తన టచింగ్ గది. దాని వైపు చూడకుండా నడవా దాటి ముందు గదిలోకి పోయాడు. గోడ తడుముకుంటూ అల్మారా దగ్గరికి చేరాడు. తెరిచి, లోపల చెయ్యి పెట్టాడు...

ఖాళీ.

పై అర ఖాళీ. కింది అర ఖాళీ. నలభై ఏళ్ళ నెగెటివ్ డబ్బాల్లో ఒక్కటి కూడా లేదు. అగ్గిపుల్ల గీశాడు. అల్మారాలో దుమ్ము కూడా లేదు.

అప్పుడనిపించింది... వెనక నుంచి ఎవరో చూస్తున్నారని.

తిరగొద్దనుకున్నాడు. తిరిగాడు.

గోడ మీద ఉప్పలయ్య... కుర్చీలో కూర్చుని, మెడలో దండతో... సూటిగా జగపతి మొహంలోకి చూస్తున్నాడు.

పుల్ల వేళ్ళను కాల్చి ఆరిపోయింది. ఇంకో పుల్ల గీశాడు. ఎడమకు జరిగాడు — కళ్ళు ఎడమకు వచ్చాయి. కుడికి జరిగాడు — కుడికి వచ్చాయి. తన చేత్తో తాను కిందికి గీరిన కళ్ళు! చచ్చినవాడు మూడేళ్ళుగా గోడ మీద కూర్చుని, మెల్లమెల్లగా, తల కదల్చకుండా, చూపు ఒక్కటే పైకి లేపాడన్నమాట...

రెండో పుల్లా ఆరిపోయింది.

ఆ చీకట్లో, టచింగ్ గదిలో, 'ఉష్...' మని ఏదో మేలుకుంది. తలుపు సందులోంచి తెల్లటి వెలుగు గీత లేచింది. మెల్లగా... గోడ మీద జరుగుతూ... జరుగుతూ... ఉప్పలయ్య మొహం మీదుగా పోయి, ఆగి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"కదలకు, జగపతీ..."

గుసగుస. ఫోటో తీసేటప్పుడు ఉప్పలయ్య అనే మాట అదే.

సీసా చేతిలోంచి జారి భళ్ళున పగిలింది. జగపతి కూలబడిపోయి రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది... తప్పయింది, అన్నా... నేనే గీసిన... నేనే కిందికి గీసిన..."

"కదలకంటే... గాజు పెంకులున్నయి, కాళ్ళు తెగుతయి."

లైటు వెలిగింది. టచింగ్ గది గుమ్మంలో అండాలు నిలబడి ఉంది. ఆమె వెనక అఖిల. అఖిల వెనక, జగపతి నలభై ఏళ్ళు కూర్చున్న బల్ల మీద, నెగెటివ్ డబ్బాల మధ్య, స్కానర్. కరెంటు రాగానే దానికదే మేలుకుని దీపాన్ని అటూ ఇటూ నడిపిస్తోంది.

కరెంటు వచ్చేది అర్ధరాత్రి దాటాకే కాబట్టి వాళ్ళు పని చేసేదీ అప్పుడే. బస్సులు లేకపోతేనేం, అఖిల స్కూటీ మీద రఘునాథపల్లి పోయి అండాలును తీసుకొచ్చి ఆరు రోజులైంది. కరెంటు కోసం చీకట్లో కూర్చుని ఉండగా వెనక తలుపు గొళ్ళెం లేచింది. అలా లేపేది ఎవరో అండాలుకు తెలుసు, అందుకే పేరు పెట్టి కదలొద్దంది.

"కండ్లు..." అన్నాడు జగపతి, గోడ వైపు చూపిస్తూ. "ఆ కండ్లు ఎట్ల..."

"నేనే లేపిన," అంది అండాలు. "ఫోటోలకు రంగులద్దిన చెయ్యి గాదా నాది? నువ్వు ఇచ్చిన మూడో రోజే, నీ నల్లగుడ్లను తెల్ల రంగుతో మూసి, కుంచెతోని మల్ల గీసిన. ఆయన ఎవరి ముందల గూడ నేల చూపులు చూసినోడు గాదు, జగపతీ."

"నీకు తెల్సా... వదినా?"

"నీ చెయ్యి ఊరికే తప్పుతదా? చాన కోపమొచ్చింది. ఇంటికొచ్చి అడుగుదామనుకున్న. నువ్వే వచ్చి చెప్తవని చూసిన. మూడేండ్లాయె." నేల మీద పారుతున్న గాసునూనె వైపు చూసింది. "వచ్చినవ్, గిట్ల వచ్చినవ్."

జగపతి తల ఎత్తలేకపోయాడు. అఖిల చీపురు తెచ్చి పెంకులన్నీ ఒక మూలకు ఊడ్చింది. తర్వాత లాప్‌టాప్‌ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఆ రోజు హెల్పర్ అన్న, తెల్వక. అండాలవ్వ వచ్చినంక నన్ను మస్తు తిట్టింది. చూడుండ్రి బాపు."

ప్రతి ఫోటో కింద రెండు గళ్ళు ఉన్నాయి. తీసింది — ఉప్పలయ్య. టచింగ్ — జగపతి. కిందికి జరుపుతూ పోయింది. జగపతి. జగపతి. జగపతి. పట్టాల మీది పిల్లల కింద కూడా ఉంది. ఆరు రాత్రుల నుంచీ, ఆయన అడగకుండానే, తన పేరు అలా పడుతూనే ఉంది. ఆయనకు ఏడుపు వచ్చింది.

"గిదొక్కటే మిగిలింది," అంటూ అఖిల ఇంకో బొమ్మ తెరిచింది.

ఉప్పలయ్య ఆఖరి ఫోటో. గోడ మీదిది కాదు, నెగెటివ్ నుంచి ఎక్కించినది. కుంచె రంగు లేదు. కళ్ళు కిందికి, నేల మీద ఉన్నాయి. కింద రెండు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి.

"గా ఫోటో... గా ఫోటో వద్దు బిడ్డా. నెగెటివ్ ఇయ్యి, జర సరిజేస్త. నిమిషం పని. పెన్సిల్ ఆడనే ఉంటది..."

"ముట్టుకోవద్దు, బాపు. ఎట్లున్నది అట్లనే పెట్టాలె."

"తీసింది నువ్వే, టచింగ్ నువ్వే," అంది అండాలు. "ఇన్ని వేల ఫోటోలల్ల రెండు గళ్ళల్ల నీ పేరే పడేది గీ ఒక్కదాని కిందనే. నిన్ను అడగకుండ రాయొద్దని నేనే ఆపిన. వద్దంటే చెప్పు, ఎవరు తీసిండ్రో తెల్వదని రాస్తది."

కరెంటు ఇంకెంతసేపు ఉంటుందో ఎవరికీ తెలియదు. అఖిల వేళ్ళు మీటల మీద ఆగి ఉన్నాయి.

జగపతి ఆ దించుకున్న కళ్ళను చాలాసేపు చూశాడు. పనితనంలో వంక లేదు. వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు.

"రాయి బిడ్డా," అన్నాడు. "రెండు గళ్ళల్ల... నా పేరే రాయి."